చెయ్యి జాగ

బాలనర్సయ్య టిప్పర్ క్యాబిన్ లోపల మోకాళ్ళ మీద కూర్చుని, వెనక గోడ రేకుకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సీట్లు, కాళ్ళ కింది మ్యాట్లు, తలుపుల అట్టలు అన్నీ పొద్దున్నే ఊడదీసి షెడ్డు బయట పరిచాడు. ఇప్పుడు క్యాబిన్ ఉత్త ఇనప డబ్బా. డ్రైవర్ సీటు ఉండాల్సిన చోట బకెట్టు బోర్లించుకుని కూర్చున్న కొడుకు శ్రావణ్ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. రేకు వణుకు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది.

"ఇంకింత రేసియ్యి" అన్నాడు బాలనర్సయ్య.

శ్రావణ్ కాలు నొక్కాడు. బాలనర్సయ్య అరచేతిని జానెడు జానెడు జరుపుతూ పోయాడు. రేకు ఎక్కడ ఎక్కువగా వణికితే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టాడు. తలుపులు, పైకప్పు, కాళ్ళ కింది నేల, మధ్యలో ఇంజన్ మీద ఉబ్బెత్తుగా లేచిన మూత, అన్నీ అలాగే తడిమాడు. దవాఖానలో డాక్టరు పేషెంటు కడుపు నొక్కి చూసే వరసే అది. "గీడ నొస్తుందా" అని అడగడం ఒక్కటే తక్కువ.

సిద్దిపేట నుంచి మెదక్ పోయే దారిలో, ఇళ్ళు పలచబడే చోట ఉంది కర్ణాకర్ షెడ్డు. లారీ క్యాబిన్లకు లోపలి పని చేస్తారక్కడ. మోత తగ్గించే షీట్లు అతికించి, మెత్తలు పరిచి, పైన రెగ్జిన్ తొడుగుతారు. బాలనర్సయ్య పొట్టి మనిషి. భుజాలు చెవుల దాకా ఎక్కి మెడ ఉందా లేదా అనిపిస్తుంది. వేళ్ళ మీద బంక ఎండి పొలుసులు లేచి ఉంటుంది. కుడి అరచేతిని మాత్రం కంటికి రెప్పలా కాపాడుకుంటాడు. వేడిదైనా, కరుకుదైనా ఎడమ చేత్తోనే పడతాడు. అన్నం తిన్నాక ఆ చేతికి కాస్త కొబ్బరినూనె కూడా రాస్తాడు. షెడ్డులో వాళ్ళు పెళ్ళికొడుకు చెయ్యి అని ఎగతాళి చేస్తారు.

"రేకు ఏడ్సుడు మా బాలన్నకు ఇనబడ్డట్టు ఇంకెవ్వలికి ఇనబడది" అని కర్ణాకర్ వచ్చిన ప్రతి డ్రైవరుకూ గొప్పగా చెబుతాడు. అందులో నిజం లేదు. బాలనర్సయ్యకు రేకు ఏడుపే కాదు, మనిషి ఏడుపూ వినపడదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. నలుగురూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆగి తానూ నవ్వుతాడు. కాస్త చెవుడని ఊరంతటికీ తెలుసు. రెండు చెవులూ పూర్తిగా పోయాయని ఒక్క భార్య పోశమ్మకే తెలుసు. ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. చెవిటివాడు మోత ఆపే పని చేస్తున్నాడంటే ఎవడు బండి తెస్తాడని అతని భయం. కొడుక్కి తెలిస్తే చిన్నతనమని అంతకంటే పెద్ద భయం.

అంతకుముందు అతనూ డ్రైవరే. సగం బతుకు స్టీరింగు ముందే గడిచింది. చివరి ఏళ్ళలో రిజర్వాయరు కట్టకు మట్టి మోశాడు. సొంతూరు వేములఘాట్. ఊరు మునిగే కట్టకు ఊరోడివే మట్టి పోస్తివా అని చుట్టాలు ఎత్తిపొడిస్తే, వినపడనట్టు ఊరుకునేవాడు. తర్వాత తర్వాత నిజంగానే వినపడకుండా పోయింది. ఆ రోజుల్లో మోతకు తట్టుకోలేక తన బండిలో తానే గోనె సంచులు, పాత బొంతలు కుట్టి కట్టుకునేవాడు. చెవులు పోయి బండి దిగాక ఆ బొంతల తెలివే కూడు పెట్టింది.

ఇప్పుడు అదే స్టీరింగు శ్రావణ్ చేతికి వచ్చింది. క్రషర్ నుంచి కంకర తోలుతాడు. వానలకు ముందు ఒకనాడు ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "బాపూ, చెవ్వుల ఒక్కతీరుగ కుయ్యిమంటుంది. పండుకున్నా పోతలేదు" అన్నాడు. బాలనర్సయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తనకూ మొదలైంది ఆ కుయ్యితోనే. ఇంకొన్నాళ్ళకు శ్రావణ్ వీపు వెనక, చాప మీద పడుకున్న వాడి పసిపాప గుక్క పట్టి ఏడ్చింది. ఆ ఏడుపు బాలనర్సయ్యకు వినపడలేదు. కాని ఇంతలా తెరిచిన పాప నోటిని చూశాడు. ఫోను చూసుకుంటూ వెనక్కి తిరగని కొడుకును చూశాడు. ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు లేదు.

దవాఖానలో డాక్టరమ్మ పోయిందెలాగూ తిరిగి రాదని, ఉన్నదాన్నయినా కాపాడుకోవాలని, ఆ మోతలోంచి బయటపడమని చెప్పింది. బయటపడి ఏం తినాలో ఆమె చెప్పలేదు, చెప్పడం ఆమె పని కూడా కాదు. శ్రావణ్ ఎలాగో టిప్పరు యజమానిని బతిమాలి ఒక రోజు బండి విడిపించుకు వచ్చాడు. కొడుకు చెవులు నిలుస్తాయా పోతాయా అన్నది ఈ ఒక్క రోజు పని మీద ఉందని బాలనర్సయ్య అనుకున్నాడు. నిన్నంతా దాని మీదే ధ్యాస. పోశమ్మ కూరలో ఉప్పు మరిచిపోతే అదీ గమనించకుండా తిన్నాడు.

"ఫోము కొట్టి రెగ్జిన్ తొడుగు. అందరికి గదే కదనే" అన్నాడు కర్ణాకర్, సామాను గది తాళం తీస్తూ. బాలనర్సయ్య అతని మూతి వైపే చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఫోము మెత్తగుంటది గని, రేకు వణుకుడు బందు గాదు సేటు. రేకుకు బరువు గావాలె. బరువు మీద పడితె గప్పుడు నోరు మూస్తది."

గదిలో రెండు రకాల డాంబర్ షీట్లున్నాయి. కొత్తగా వచ్చినది నున్నగా, మెరుస్తూ ఉంది. బాలనర్సయ్య రెంటిలోంచీ చెరొక ముక్క కోసి, నూనె డబ్బా మూత కింద ఒకదాని తర్వాత ఒకటి అతికించి, పైన స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూశాడు. మూత అంచును పట్టుకున్న కుడి చెయ్యి తీర్పు చెప్పింది. మెరిసేదానితో మూత ఇంకా సన్నగా జుమ్మంటోంది. మందంగా, మొద్దుగా ఉన్న పాత రకంతో కొట్టిన దెబ్బ కొట్టిన చోటే చచ్చిపోయింది. దాన్నే భుజాన వేసుకున్నాడు. దాని మీద పరచడానికి నమ్దా, అంటే ఒత్తిన ఉన్ని పట్టీ, దట్టంగా ఉన్నది చూసి తీశాడు. ఇంజన్ మూత మీదికి మాత్రం నమ్దా వద్దన్నాడు. అది డీజిలు తాగుతుంది, తాగింది ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. అక్కడికి వెండి కాగితం అతికిన, నిప్పుకు జంకని గాజునూలు పట్టీ వేరే తీశాడు.

షీటును వేడి గాలి తగిలించి మెత్తబరిచి, సుద్ద సున్నాల మీద పరిచి, చిన్న ఇనప రోలరుతో ఒత్తుకుంటూ పోయాడు. కింద ఒక్క గాలి బుడగ మిగిలినా ఆ మేరకు పని దండగ. తలుపుల అడుగున వాన నీళ్ళు కారిపోయే కన్నాలు మూయకుండా చుట్టూ కోశాడు. తారు వాసనకు శ్రావణ్ ముక్కు మూసుకుని కిందికి దిగిపోయాడు. బాలనర్సయ్యకు ఆ వాసన ఇష్టం. మధ్యాహ్నానికి పైకప్పు, తలుపులు, నేల పూర్తయ్యాయి. వెనక గోడ మిగిలింది.

వెనక గోడలో, ఎడమ మూలన, రెండు అరచేతుల వెడల్పు రేకును బాలనర్సయ్య ఎప్పుడూ కప్పడు. దానికి చెయ్యి జాగ అని పేరు పెట్టుకున్నాడు. లారీ వెనక్కి వచ్చేటప్పుడు క్లీనరు వెనక నిలబడి, సరుకు పోసే ఇనప తొట్టి, అదే టబ్బు మీద చేత్తో కొడతాడు. రెండు దెబ్బలు వెంటవెంటనే పడితే ఆగాలి. దెబ్బ పడలేదంటే రావచ్చని అర్థం. టబ్బు మీద పడిన దెబ్బ చట్రంలోంచి పాకి వచ్చి, క్యాబిన్‌లో బోడి రేకు ఎక్కడుంటే అక్కడ మోగుతుంది. అద్దాలు ఎత్తుకుని ఉన్నా, పాటలు పెట్టుకుని ఉన్నా ఆ మోత డ్రైవరు వీపుకు తగులుతుంది. బాలనర్సయ్య బండి తోలే కాలంలో, కట్ట మీద ఒకసారి రెండు దెబ్బలు పడి ఠక్కున ఆపాడు. దిగి చూస్తే వెనక చక్రానికి బెత్తెడు దూరంలో, టబ్బు నీడన కూలికొచ్చిన ఆడమనిషి ఒకామె కొంగు కప్పుకుని నిద్రపోతోంది. ఆమె లేచి, ఏమీ జరగనట్టే కొంగు దులుపుకుని పోయింది. ఆనాటి నుంచి బాలనర్సయ్యకు ఆ రెండు దెబ్బలంటే దేవుడి మాట. లోకంలో ఎవడి మాట ఎవడు వినకపోయినా ఫరవాలేదు, రెండు దెబ్బలు పడితే లారీ ఆగుతుంది.

ఇప్పుడు ఆ చోటు ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. ఇంజన్ వేయించి చెయ్యి పెట్టాడు. మిగతా క్యాబినంతా సద్దుమణిగాక ఆ మూల ఒక్కటే బోనులో ఎలుకలా కొట్టుకుంటోంది. శ్రావణ్ కూర్చునేది దానికి కుడి పక్కన. పొద్దంతా, రోజూ, ఏళ్ళకేళ్ళు ఆ మోత వాడి ఎడమ చెవిలోకే. పాప నోరు కళ్ళ ముందు మెదిలింది. బాలనర్సయ్య షీటు ముక్క ఒకటి కొలిచి కోశాడు. చెయ్యి ఒకసారి ఆగింది. మళ్ళీ కదిలింది. అతికించేశాడు.

పని అయిందని తెలిసి షెడ్డు గేటు పక్కన చాయ్ డబ్బా నడిపే స్వరాజ్యం వచ్చింది. ఆమె స్టీలు గిలాస ఒకటి ఎప్పుడూ బాలనర్సయ్య దగ్గరే ఉంటుంది. అందులో అంచుకు వేలెడు తక్కువగా నీళ్ళు పోసి, స్టీరింగు ముందు పలక మీద పెట్టి, ఇంజన్ వేయిస్తాడు. నీళ్ళు ఎంత వణికితే పని అంత తక్కువైనట్టు లెక్క. అదే అతని పరీక్ష. డ్రైవర్లు అది చూడడానికే చుట్టూ మూగుతారు.

శ్రావణ్ బకెట్టు మీద కూర్చుని, తలుపులు వేసి, అద్దాలు ఎత్తి, ఇంజన్ వేశాడు. పొద్దున ఇదే గిలాసలో నీళ్ళు ఎగిరి పలకంతా తడిపాయి. ఇప్పుడు ఒకే ఒక్క సన్నని గీత వచ్చి, అదీ పోయింది. శ్రావణ్ మొహం విచ్చుకుంది. ఆ మొహాన్ని అద్దంలోంచి చూశాడు బాలనర్సయ్య. ఇంత సంతోషం తన చేత్తో వాడికి ఇచ్చి ఎన్నాళ్ళయిందో.

కింది నుంచి కర్ణాకర్ పిలిచాడు. శ్రావణ్ తిరగలేదు. మళ్ళీ గట్టిగా పిలిచాడు. తిరగలేదు.

"చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది! బాలన్నా, నీ కొడుకును సచ్చినా ఎవ్వలు లేపలేరు ఇగ" అని కర్ణాకర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బాలనర్సయ్య ఒక క్షణం ఆగి నవ్వాడు. స్వరాజ్యానికి మాత్రం నవ్వు రాలేదు.

"గట్ల ఒకల మాట ఒకలకు ఇనబడకుంటె ఎట్లనే అన్నా" అన్నది. ఆ మాట ఆమె పక్కకు తిరిగి అన్నది కనుక బాలనర్సయ్యకు అందలేదు. కర్ణాకర్‌కు టౌనులో ఎవరినో కలిసే పని ఉండి బండి వేసుకుని వెళ్ళిపోయాడు.

శ్రావణ్ దిగి వచ్చి, వెనక గోడ మీద కొత్త రెగ్జిన్ తడిమి చూసి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు.

"చెయ్యి జాగ మూసినవా బాపూ?"

"మూసిన. గా మూల మోతనే నీ చెవ్వు తింటుంది."

"మరి ఎనుకంగ కొడితె ఇనబడ్తదా? నేను లోపలుంట, నువ్వు కొట్టు. చూద్దాం."

బాలనర్సయ్యకు అది నచ్చలేదు. ఇన్నేళ్ళలో తన పనిని తానే చూసుకున్నాడు. కొడుకు అనుమానపడడం ఒక బాధ, తనను బయట నిలబెట్టడం ఇంకో బాధ. "పని నాది. నేనే చూడాలె. నువ్వు పోయి కొట్టు" అన్నాడు.

క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజన్ నడుస్తోంది. అలవాటు ప్రకారం కుడి అరచేతిని వెనక గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నమ్దా, షీటు, రేకు, వాటన్నిటి అవతల నుంచి చిన్నగా, స్పష్టంగా అందాయి రెండు దెబ్బలు. ఒకటి, దాని వెంటే ఇంకొకటి. గుండె కుదుటపడింది. ఎప్పటిలానే తన చెయ్యి పట్టుకున్నదంటే లోకంలో అందరికీ అందినట్టే అనుకున్నాడు. చెవులున్నవాళ్ళు గోడకు చెయ్యి ఆనించి కూర్చోరన్న మాట అతనికి తట్టలేదు.

"మస్తుగ ఒస్తుంది. భయం లేదు" అన్నాడు దిగుతూ. తండ్రి చెప్పాక శ్రావణ్ మళ్ళీ అడగలేదు.

ఊడదీసినవన్నీ బిగించి, పొద్దు వాలేసరికి బండి తయారైంది. షెడ్డులోకి లారీలు మూతి ముందుకు పెట్టి వస్తాయి, పోయేటప్పుడు వెనక్కే పోవాలి. గేటుకు రెండు సిమెంటు స్తంభాలు. ఎడమ స్తంభానికి రాసుకోని బండి లేదు, దాని మీద అన్ని రంగుల గీతలూ ఉన్నాయి. అందుకే వెనక నిలబడే మనిషి ఆ స్తంభం దగ్గరే నిలబడాలి. శ్రావణ్ క్లీనరు మిరుదొడ్డిలో చుట్టాల పెళ్ళికి పోయాడు. వెనక్కి పోయేటప్పుడు కూత పెట్టే హారను చెడిపోయి చాలా కాలమైంది, బాగుచేయించాలని ఎవరూ అనుకోలేదు. ఎడమ పక్క అద్దాన్ని స్తంభానికి తగలకుండా శ్రావణ్ మడిచి పెట్టాడు.

"నువ్వు రాంగ నేను జూస్త. ఎనుకకు రానియ్యి" అన్నాడు బాలనర్సయ్య.

"గిలాస తియ్యనా బాపూ?"

"ఉండనియ్యి. నడుస్తుంటె గూడ జూడు నీళ్ళు. ఇంటికి పోయినంక మీ అవ్వకు చెప్పు."

వెనక్కి నడుస్తూ కుడి పక్క అద్దంలో కొడుక్కి కనబడేలా చెయ్యి ఊపి, టబ్బు చుట్టూ తిరిగి ఎడమ స్తంభం దగ్గరికి వెళ్ళాడు. లారీ మెల్లగా కదిలింది. మధ్యాహ్నం పడిన వాన చినుకులకు నేల చిత్తడిగా ఉంది. చక్రాలు తన వైపు తిరుగుతుంటే బాలనర్సయ్యకు ఒళ్ళంతా హాయిగా ఉంది. రేపు పొద్దున కొడుకు లేచేసరికి కుయ్యి కాస్త తగ్గి ఉండాలని మనసులో దండం పెట్టుకున్నాడు.

టబ్బు వంకరగా వస్తోంది. ఇలాగే వస్తే స్తంభాన్ని తాకుతుంది. బాలనర్సయ్య కుడి చెయ్యి ఎత్తి టబ్బు మీద రెండు దెబ్బలు కొట్టాడు. చెయ్యి అలాగే ఇనుము మీద ఉంచి నిలబడ్డాడు.

లారీ ఆగలేదు.

మళ్ళీ కొట్టాడు. ఈసారి గట్టిగా, అరచెయ్యి మండేలా. రెండు దెబ్బలకు ఆగని లారీని అతను బుద్ధెరిగాక చూడలేదు. అందుకే పక్కకు దూకాలని కాళ్ళకు తోచలేదు. చాయ్ డబ్బా దగ్గర నుంచి స్వరాజ్యం "అన్నా, జరుగు! జరుగనే!" అని కేకలు పెడుతూ పరుగెత్తి వస్తోంది. అతని వీపు ఆమె వైపు ఉంది. వీపు వెనక స్తంభం తగిలింది. అరచేతి కింద ఇనుము వణుకులో మార్పు లేదు, కొడుకు కాలు బ్రేకు మీదికి రాలేదని ఆ చెయ్యి చెప్పింది. అప్పుడు తెలిసింది బాలనర్సయ్యకు. వాడి చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, గోడ మీద కాదు.

క్యాబిన్‌లో శ్రావణ్ గిలాస వైపు ఒకసారి, కుడి అద్దం వైపు ఒకసారి చూస్తూ వెనక్కి పోనిచ్చాడు. ఇంత చప్పుడు లేకుండా బండి నడవడం అతనికి కొత్తగా ఉంది. చాలా రోజుల తర్వాత తన ఊపిరి తనకు వినపడింది. వెనక ఏదో మెత్తగా అడ్డుపడినట్టయి బండి కాస్త బరువెక్కింది. స్తంభం కావచ్చనుకుని బ్రేకు తొక్కాడు. రెండు దెబ్బలు పడతాయేమోనని చూశాడు. పడలేదు. అంటే ఇంకా రావచ్చన్నమాట. మళ్ళీ పోనివ్వబోయేంతలో తలుపు అద్దం ముందుకు స్వరాజ్యం వచ్చి పడింది. ఆమె నోరు ఇంతలా తెరుచుకుని ఉంది, రెండు చేతులతో తల బాదుకుంటోంది, చప్పుడు మాత్రం లేదు. శ్రావణ్ తలుపు తీశాడు. లోకంలోని మోతంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

రోడ్డు మీది జనం మూగారు. ఎవరో బండిని ముందుకు తీశారు. ఎవరో నూట ఎనిమిదికి ఫోను చేశారు, వచ్చినవాళ్ళు చెయ్యి పట్టి చూసి, ఇంక తొందర లేదన్నట్టు నెమ్మదిగా స్ట్రెచర్ దించారు. శ్రావణ్ చిత్తడి నేల మీద కూలబడి, "కొట్టలే... బాపు కొట్టనే లేదు" అని అదే మాట అంటూ ఉన్నాడు. కొట్టిండు బిడ్డా అని చెప్పడానికి స్వరాజ్యానికి నోరు రాలేదు. చూసింది ఆమె ఒక్కతే. ఆ మాట ఇక ఎప్పటికీ చెప్పకూడదనుకుంది.

పోశమ్మను తీసుకురావడానికి మనిషి పోయాడు. జనమంతా గేటు దగ్గరే ఉన్నారు. ఇంజన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. తలుపు దానంతటదే మూసుకున్న క్యాబిన్‌లో, స్టీరింగు ముందు పలక మీద, స్వరాజ్యం గిలాస పెట్టిన చోటే ఉంది, నీళ్ళ మీద ఒక్క గీత కూడా లేదు.